మొండిచెరకు పెళ్ళి

చెరకు పరిశోధన తోటలో సంకరాలు చేసే మేస్త్రీని అందరూ పెళ్ళిళ్ళ పేరయ్య అనేవారు. ఏ గడకు ఏ గడను జత చేస్తే పిల్లల్లో తీపి దిగుతుందో చూడటం ఆయన పని. ఆ పేరుకు పైకి విసుక్కునేవాడు గానీ, పిలవకపోతే మొహం మాడ్చుకునేవాడు.

ఆ ఏడు, ఎర్రకుళ్ళు తెగులు సోకని మొండిచెరకు ఒకటి ఎన్నాళ్ళకో పువ్వు ఎత్తింది. దాని కడుపున తీపి చెరకు పుడితే కళ్ళారా చూసి రిటైరవ్వాలని పేరయ్య ఆశ. మళ్ళీ పూసేదాకా ఆయన ఉద్యోగం ఉండదు.

వరుడి కోసం కమిటీ కూర్చుంది.

"నా రకమే మగ. దానికి బహుమతొచ్చింది" అన్నాడు డైరెక్టరు.

"బహుమతి గోడకుంది సార్, తీపి గడలో ఉండాలిగా! మాది పెట్టండి" అన్నాడు ఫ్యాక్టరీ కెమిస్టు.

"మీది గాలొస్తే పడుకుంటుంది. మాది చూడండి, ఏనుగు కాలు!" అన్నాడు తెగుళ్ళ ఆఫీసరు.

"ముహూర్తం దాటిపోతోందయ్యా! పువ్వు మీకోసం ఆగదు" అని పేరయ్య మొత్తుకున్నాక, ముగ్గురు వరులనూ చుట్టూ నిలబెట్టమని తేల్చారు.

మైక్రోస్కోపు గదిలో పనిచేసే ఆమె అడ్డొచ్చింది. "ముందు పెళ్ళికూతురి పుప్పొడి చూద్దాం బాబాయ్. దానికే జీవముంటే మొగుడితో పనిలేదు, తనకు తానే గింజ కట్టేస్తుంది. అలా పుట్టిన పిల్లలు ఎదగవు."

"దాన్ని పుట్టినప్పటినుంచీ ఎరుగుదునమ్మా. దాని పొడి వట్టి పొల్లు" అని కొట్టిపారేశాడు పేరయ్య.

మగ గడలను కోసి మందునీళ్ళ బకెట్లలో నిలబెట్టి, ఆడపువ్వు మీద పొడి రాలేటంత ఎత్తులో కట్టాడు. రోజూ పొద్దున్నే వాటిని సున్నితంగా తట్టేవాడు. ఆ చేతికి వంక పెట్టలేం.

గింజలు చల్లితే నారు మొలిచింది. ముగ్గురూ చుట్టాలను తీసుకొచ్చి "మావాడి పోలికే" అని చూపించుకున్నారు. జానెడు ఎదిగి నారు ఆగిపోయింది. పీలగా, పాలిపోయి, అచ్చు తల్లి ఆకులే. పువ్వెత్తిన చలికాలం వెచ్చగా గడవడంతో, చలికి పొల్లయ్యే తల్లి పొడికి జీవమొచ్చి తనకు తానే గింజ కట్టేసుకుంది. ముగ్గురు మొగుళ్ళూ ఉత్సవ విగ్రహాలయ్యారు.

"ఇంతకీ వీటి తండ్రెవరు?" అని పైనుంచి వచ్చిన అధికారి అడిగితే, ముగ్గురూ మబ్బులు చూశారు.

"వాతావరణం సార్" అన్నాడు డైరెక్టరు.

పీకెయ్యమన్నారు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు పేరయ్య. మడి ముందు గొంతుక్కూర్చుని, మొదలు పట్టుకుని, మట్టి వదులు చేసి ఒక్కొక్కటే తీశాడు. ఒక్క వేరూ తెగలేదు.