ప్రతి ఏడూ చెప్పిన సాక్ష్యం

ముప్పై ఏళ్ళుగా గుండె మీద ఒక బండ మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా అమ్మ తిరుమలగిరిలో, మా ఇంట్లోనే పోయింది. ఆ సాయంత్రం ఆమె పక్కన ఉన్నది నా చెల్లెలు. నేను ఏ.ఎస్. రావు నగర్‌లో దర్జీ కొట్టులో కూర్చున్నాను. దర్జీ నా జాకెట్టు ఎప్పుడో చేతికిచ్చేశాడు. అయినా లేవలేదు. అమ్మ ఎగశ్వాస వినలేక తప్పించుకున్నాను, అంతే.

చర్చిలో పెట్టిన జ్ఞాపకార్థ కూడికలో, పెద్దకూతురిగా అమ్మ ఆఖరి గడియల గురించి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. దర్జీ కొట్టు సంగతి ఎలా చెప్పను? చివరిదాకా అమ్మ చెయ్యి పట్టుకునే ఉన్నానన్నాను. చెల్లెలు పూసగుచ్చినట్టు నాకు చెప్పిందంతా నాదిగా చెప్పేశాను. అందరూ కంటతడి పెట్టారు. చెల్లెలు తలొంచుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక కూడా ఏమీ అనలేదు. అననందుకు నాకే దాని మీద కోపం వచ్చింది, చూడండి నా బుద్ధి.

ఆ తర్వాత ప్రతి ఏడూ అదే సాక్ష్యం. చెప్పగా చెప్పగా నాకే నిజమైపోయింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే అమ్మ వేళ్ళ చల్లదనం అరచేతికి తెలుస్తుంది. ఆ సాయంత్రం నేను పట్టుకోనే లేదు, మరి ఆ చెయ్యి ఎలా తెలుస్తుంది? దర్జీ కొట్టు మాత్రం మసకబారింది. వయసు మీదపడి మరిచిపోతున్నానా, మరిచిపోతే నాకే మంచిదని మరిచిపోతున్నానా?

పోయిన ఆదివారం నేరేడ్‌మెట్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళాను. దానికి అరవై ఐదు దాటాయి, మతిమరుపు మొదలైంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, అమ్మ పోయేటప్పుడు నేనేడ పోయిన? ఎంత ఆలోచించినా యాదికొస్తలేదు. ఆఖరికి గుక్కెడు నీళ్ళు సుత పొయ్యలే నేను."

దాని కళ్ళు నిండాయి. నువ్వే పోశావే అంటే చాలు. మాట నోటిదాకా వచ్చింది.

"ఏదో పనిమీద పోయినవ్‌లే," అన్నాను. "అమ్మ నిన్ను అడిగింది."

అది కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నువ్వన్నా ఉన్నావు, అదే చాలంది.

అప్పట్నుంచి నాకు కుదురు లేదు. రేపు వెళ్ళి చెబుదామనుకుంటాను. చెబితే నమ్ముతుందా? అమ్మతో దానికున్న ఆఖరి గడియ దోచుకున్నాను. అది చాలక, అమ్మ దగ్గర లేనన్న బాధ కూడా దాని నెత్తినే పెట్టాను. దేవుణ్ణి ఇంకా క్షమాపణ అడగలేదు. ముందు అడగాల్సింది దాన్ని.

నేను కూడా పూర్తిగా మరిచిపోయేలోగా ఒక్కచోటైనా ఇది ఉండాలి. రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది. నీళ్ళు పోసింది నా చెల్లెలు. చెంచాతో, మూడుసార్లు. మూడోసారి అమ్మ మింగలేదు. నేను అక్కడ లేను.