ఎస్తేరమ్మ చేసే దలియా

పూరీ గేట్ దగ్గరి రైల్వే క్వార్టర్లో ఎస్తేరమ్మ పొద్దున్నే కళ్లు తెరవగానే పక్కకి తిరిగి, మొగుడి ఛాతీ కదులుతోందో లేదో చూస్తుంది. వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా పనిచేసే యోబుకి గుండెపోటు వచ్చి తగ్గాక, ఉదయం పూట గోధుమనూకతో చేసిన చప్పటి దలియానే పెట్టమన్నాడు డాక్టరు. యోబు రెండు చెంచాలు తిని పళ్లెం నెట్టేసేవాడు. తినకపోతే మనిషి దక్కడని ఆమె భయం. అందుకే దలియా మీద ఒకరోజు అరటిపండు చక్రాలు పేర్చేది, ఒకరోజు దానిమ్మ గింజలు చల్లేది, చలికాలమైతే ఖర్జూరబెల్లం తురిమేది. "ఏటి వదినా, పథ్యం తిండికి ఇన్ని సింగారాలు?" అని పొరుగింటి అన్నమ్మ నవ్వినా ఎస్తేరమ్మకి నవ్వు వచ్చేది కాదు. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, అతను మింగేదాకా ఎదురుగా నిలబడేది.

ఒకరోజు వేయించిన వేరుశనగపప్పు చల్లింది. సరిగ్గా నమలకుండా మింగిన యోబుకి పలుకు అడ్డుపడి ఊపిరాడలేదు. కళ్లు తేలేశాడు. "ప్రభువా!" అని అరుస్తూ ఆమె అతణ్ణి ముందుకు వంచి వీపు మీద గట్టిగా చరిచింది. పలుకు బయటపడింది. పళ్లెంలోని పప్పులన్నీ ఏరి పారేసింది.

"నానే సంపేసేదాన్ని. ఇంకెప్పుడూ దీనిమీద ఏటీ ఎయ్యను," అని గొల్లుమంది.

"నాకేటీ అవనేదు, ఎస్తేరూ. ఏడవకు," అన్నాడు యోబు దగ్గుతూనే. పళ్లెం దగ్గరికి లాక్కుని, ఆ చప్పటి దలియాని చివరి చెంచా దాకా తిన్నాడు. అతను తింటున్నంతసేపూ ఆమె అతని వీపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.