ఏతాం వారి మైల

ఇంటిపేర్ల పుట్టుక చిత్రమైనది. కొందరికి ఊరు, కొందరికి తిండి, ఇంకొందరికి తాత చేతిలోని పనిముట్టు ఇంటిపేరై కూర్చుంటుంది. ఏతాం గురునాథరావు ముత్తాతల్లో ఎవడో ఏతం తొక్కి పొలానికి నీళ్లు తోడి ఉంటాడు. ఆ పొలమూ, ఆ ఊరూ ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోయాయి. భూమి పోయినందుకు ఇచ్చిన ఉద్యోగంలోనే గురునాథరావు రిటైరయ్యాడు. ఊరు లేచిపోయిన నాడే దాయాదులు తలోదిక్కూ చెదిరిపోయారు.

భార్య పోయినప్పుడు పురోహితుడు, "మైల స్నానాలకి మీ ఇంటిపేరువాళ్లందరూ లేవండి" అన్నాడు. గాజువాక అద్దెగది ముందు గురునాథరావు ఒక్కడే లేచాడు. పిల్లలు లేరు. రేపు తను పోతే ఆ మాటకి లేచేవాడెవడు?

అప్పటినుంచి వెతుకులాట. పెళ్లి ఫ్లెక్సీలు, దుకాణాల బోర్డులు చదువుకుంటూ బస్సుల్లో తిరిగేవాడు. రుషికొండ మీది అద్దాల మేడల పేర్లు కూడా వదిలేవాడు కాడు. వాటికీ దాయాదులుంటారా అనుకుని తనలో తనే నవ్వుకునేవాడు.

చివరికి తగరపువలసలో 'ఏతాం వారి కిరాణా' కనిపించింది. గుమ్మంలో చింతపండు గింజలు తీస్తున్న ముసలామె చిలకమ్మ అతని కథంతా విన్నది.

"మా మాంగారి తాత దక్షిణం ఏపు నుంచొచ్చాడనీవోరు. అన్నతో తగువాడి వచ్చీసాడట. ఆ అన్న మీయోడేనేటి?"

"అవ్వొచ్చొదినా. తమ్ముడొకడు అలిగి ఎల్లిపోనాడని మా తాతా అనీవోడు."

"మరి బతిమాలి తీసికెల్లడానికి ఇన్నాళ్లు పట్టిందేటి మరిదీ?"

మనవడు నరేష్ మాత్రం నవ్వలేదు. "అలిగెల్లిపోనోలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు తాతా" అంటూనే నంబరు ఫోన్లోకి ఎక్కించుకున్నాడు.

ఆ ఫోను ఎన్నడూ రాలేదు. సింహాచలం చందనోత్సవం రెండు రోజులుందనగా, వదినని కూడా కొండకి పిలుద్దామని గురునాథరావు అరటిపళ్లు పట్టుకుని వెళ్లాడు. నరేష్ గుండుతో ఉన్నాడు. గోడమీద చిలకమ్మ ఫొటోకి దండ.

"పెద్దకర్మ మొన్నే అయిపోనాది తాతా. కంగార్లో నువ్వు గుర్తు రాలేదు."

గురునాథరావు పళ్లు ఫొటో ముందు పెట్టి బస్సెక్కాడు. కర్మ దాటాక కబురు తెలిసినా దాయాదికి మూడు రోజుల మైల ఉంటుంది. ఇంటికొచ్చి తలమీద నీళ్లు పోసుకుని, దేవుడి గూటికి గుడ్డ అడ్డం కట్టాడు.

చందనోత్సవం నాడు పక్కవాటా సీతారామాంజనేయులు గుమ్మమెక్కాడు. ఏటా ఇద్దరూ కలిసే కొండెక్కుతారు.

"వత్తన్నావా లేదా బావా? లైను కొండ కిందికి దిగిపోతాది!"

"ఈ ఏడు రాను. మైల."

"నీకెవరున్నారని మైల?"

"తగరపువలసలో మా వదిన పోనాది."

"ఆలు నీకు కబురెట్టినారా?"

"మైలకి పిలుపేటి బావా?"

సీతారామాంజనేయులు దేవుడి దగ్గరికి వెళ్లేవాడు కదా, చప్పున గుమ్మం దిగి దూరంగా జరిగి నిలబడ్డాడు.

"ఎటేపు వదిన?" అని అక్కడినుంచే అడిగాడు.

గురునాథరావు ముత్తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.