ఆఖరి రౌండు మనిషి

ఈ పరాయి దేశంలో మా తెలుగువాళ్ళ క్రికెట్ లీగులో జట్లు డ్రాఫ్టుతో తయారవుతాయి. సీజను మొదలయ్యే ముందు ఒక శనివారం మధ్యాహ్నం అందరం కుటుంబాలతో సహా క్లోనీ అనే చిన్న ఊళ్ళో ఒక హాల్లో చేరతాం. కెప్టెన్లు వంతులవారీగా లేచి తమకు కావలసినవాడి పేరు పిలుస్తారు. పిలిపించుకున్నవాడు లేచి వెళ్ళి ఆ కెప్టెన్ వెనక నిలబడాలి. చిన్నప్పుడు వీధిలో జట్లు వేసుకున్నట్టే. కాకపోతే ఇక్కడ పెళ్ళాం పిల్లలు కూడా చూస్తుంటారు.

డ్రాఫ్టుకు ముందు ఒక అంకుల్ జోస్యం రాస్తారు. గుంటూరులో అంపైరింగ్ చేసిన మనిషి. ఎవరు ఏ రౌండులో పోతారో ఆయన మా ఫ్యామిలీల వాట్సాప్ గ్రూపులో పెడితే దాదాపు అలాగే జరుగుతుంది. కిందటేడు నా పేరు పక్కన, "ఆఖరి రౌండు. అదీ పెద్దరికం మీద గౌరవంతో" అని రాశారు.

నేను నవ్వి ఊరుకున్నాను. చెర్రీవుడ్‌లోని ఆఫీసులో రోజంతా కుర్చీలో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేవాణ్ణి, నా ఎడమ మోకాలు మాట వినడం మానేసి చాలా కాలమైంది. ఊరుకోనిది మా ఆవిడ. నేను ఆడే ప్రతి మ్యాచ్‌కీ మడతకుర్చీ, ఫ్లాస్కూ పట్టుకొచ్చి బౌండరీ పక్కన కూర్చునే ఏకైక అభిమాని ఆమె. నేను స్నానానికి వెళ్ళిన సమయం చూసి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేసింది.

"అంకుల్ గారూ, మీరు పెద్దవారు గానీ ఇది మాత్రం నేనొప్పుకోనండీ. వాన రాగానే అందరూ కార్లలోకి పరిగెడితే స్టంపులు పీక్కొచ్చేదెవరండీ? బాలు ముళ్ళపొదల్లో పడితే చేతులు గీరుకుంటూ వెతికేదెవరు? అందరికీ పులిహోర మోసుకొచ్చేదెవరు? మా ఆయన ఫస్ట్ రౌండులో పోవాల్సిన మనిషండీ!"

విన్నాక తల కొట్టేసినట్టయింది. ఆమె చెప్పినవాటిలో క్రికెట్ ఒక్కటీ లేదు. అంకుల్ ఒక్క ముక్కలో తేల్చిన దాన్ని సాక్ష్యాలతో సహా రుజువు చేసి పెట్టింది. నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నాకూ ఆఖరి రౌండు అన్నప్పుడు లేని బాధ ఆ బొమ్మలు చూస్తే వచ్చింది.

డ్రాఫ్టు రోజున మొదటి వంతు ఒక వరంగల్ కుర్రాడికి వచ్చింది. లేచి, నవ్వుతూ నా పేరు పిలిచాడు. హాలంతా ఈలలు.

"ఏం జేస్తమన్నా, అక్క మాట గాదనలేం గద!" అన్నాడు టోపీ నా నెత్తిన పెడుతూ. మంచి మనసుతోనే అన్నాడు. ఆ నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. మా ఆవిడ అప్పటిదాకా చప్పట్లు కొడుతోంది. ఆ మాట విని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

కారెక్కాక నోరు అదుపు తప్పింది. "నీవల్ల ముష్టెత్తుకున్నట్టయింది నా బతుకు. నిన్నెవరు మాట్లాడమన్నారు?" అన్నాను. వెనక సీట్లోంచి మా అమ్మాయి, "డాడ్, షీ ఈజ్ యువర్ ఓన్లీ ఫ్యాన్" అంది.

ఆ వేసవంతా కెప్టెన్ నాకు బంతి ఇవ్వలేదు. నేనయినా ఇచ్చేవాణ్ణి కాదు. బౌండరీ దగ్గర నిలబెట్టేవాడు. అక్కడ మడతకుర్చీ లేదు. మా ఆవిడ కారులోనే కూర్చునేది, అద్దాలకు ఆవిరి పట్టి మొహం కనిపించేది కాదు. ఆమె మాటల వల్ల కలిగిన సిగ్గు కొన్నాళ్ళకు పోయింది. నా మాటల సిగ్గు మాత్రం నన్ను వదల్లేదు. తప్పయిందని అందామని ఎన్నోసార్లు కారు తలుపు దాకా వెళ్ళి, టీ ఉందా అని అడిగి వచ్చేవాణ్ణి.

ఈ ఏడు అంకుల్ జోస్యంలో నేను మొదటి రౌండులో ఉన్నాను. పక్కన, "వాళ్ళావిడకు భయపడి" అని రాశారు. మళ్ళీ బొమ్మలు.

వంటింట్లో అలమరలో గిన్నెలు సర్దుతున్న మా ఆవిడ ఫోను తీసింది. ఏదో టైపు చేసి, పంపకుండా నా ముందు పెట్టింది.

"అంకుల్ గారూ, ఈసారీ నేనొప్పుకోను. మా ఆయన ఆఖరి రౌండే. అన్ని మ్యాచ్‌లూ చూసినదాన్ని నేనే."

"పంపమంటారా?" అంది.

నిరుడు నన్ను అడగలేదని కదా అరిచాను. ఈసారి అడిగింది. "పంపు" అన్నాను. "నిరుడు కార్లో నేనన్నది..." అని మొదలుపెట్టాను గానీ పూర్తి చేయలేకపోయాను. ఆమె మెసేజ్ పంపి, మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది.

డ్రాఫ్టు రోజున రౌండు రౌండుకీ మా చుట్టూ కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఆమె నా పక్కనే కూర్చుంది. అందరి తరవాత నా పేరు పిలిచారు. లేవబోతే మోకాలు పట్టేసింది. మోచెయ్యి అందించింది మా ఆవిడ. హాలంతా చూస్తోంది. పట్టుకుని లేచాను.