బాసగూడ మకాంలో మా పెళ్లి కాగితం

బస్తరు సంస్థానంలో పెళ్లాడి, ఇవతల ఇంగ్లీషు ఇలాకాలో కాపురం చేస్తున్నవాళ్లు మేమే కాక ఇంకా చాలామందే ఉన్నట్టున్నారు. పోయిన ఫాల్గుణంలో నేను వెళ్లి పెళ్లి కాగితం తెచ్చుకున్నానని తెలిసిన దగ్గర్నుంచి ఎలా వెళ్లావు, ఎవర్ని అడిగావు, ఎంతయింది అని ఒకటే ప్రశ్నలు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒకసారి రాసిపెడితే నా నోటికి కాస్త విశ్రాంతి. అయితే ముందే చెబుతున్నాను, నన్ను దారి చెప్పమంటే మధ్యలో అడవిలోకి వెళ్లిపోతాను. కాస్త ఓపిక పట్టండి.

అప్పటికి నేను చర్లలో ఒక కలప డిపోలో గుమాస్తాని. నాలుగేళ్ల కిందట టేకు దుంగలకు నంబర్లు వేయించడానికి సంస్థానంలోని తర్రెం వెళ్లి, అక్కడ ముత్తమ్మను చూసి, దుంగల సంగతి మరిచిపోయాను. వాళ్లు దొర్లవాళ్లు, ఆ అడవుల్లో ఉండే ఒక తెగ. వాళ్ల పద్ధతిలోనే పెళ్లయింది. ఇప్పుడు మాకు మూడేళ్ల కూతురు, బుజ్జి. ఆ మధ్య నన్ను రాజమండ్రి డిపోకు మార్చారు. అక్కడ సంసారులకు ఇల్లిస్తారు. సంతోషంగా పేర్లు రాసిస్తే, పై మేనేజరు నా వంక అదోలా చూసి, "అడవి మనిషి అంటున్నావు. పెళ్లాడావో, ఉంచుకున్నావో మాకేం తెలుసు? వాళ్ల సంస్థానం ముద్ర ఉన్న కాగితం తీసుకురా. లేదంటే ఒంటరిగా వచ్చి చేరు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? కాగితం లేకపోతే భార్యాబిడ్డలు చర్లలో, నేనెక్కడో గోదావరి దిగువన. ఇంటికొచ్చి ముత్తమ్మతో చెబితే, "కాగితమేంది? ఊరంత చూసింది గద" అంది. ఆ తర్వాత ఎందుకో ఒకసారి తల తడుముకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

చర్ల నుంచి తర్రేనికి బండి కట్టించుకోవడమే మేలు, పిల్లలుంటే మరీను. రాజన్న అనే బండాయన రానూపోనూ నాలుగు రూపాయలు చెప్పాడు. ముత్తమ్మ దొర్ల భాషలో రెండు మాటలనేసరికి మూడుకు దిగాడు. తొలికోడి కూతకు బయలుదేరితే పొద్దెక్కేసరికి సంస్థానం నాకా వస్తుంది. అక్కడ బండికి ఒక బేడ సుంకం కట్టి, ఎవరింటికి వెళ్తున్నామో చెప్పాలి. అది దాటితే ఇక చెట్లే. ఇప్పపూలు రాలే కాలం. ఆ రాలడం వింటే తెలుస్తుంది, గాలి లేకపోయినా ఆకుల మీద టప్ మని ఒకటి, కాసేపాగి ఇంకొకటి. బండి కింద నలిగిన పూల వాసన తియ్యగా, బరువుగా పైకి లేస్తుంటే, అటు నిద్రా కాదు ఇటు మెలకువా కాదు, ఎద్దుల గంటలు కూడా దూరంగా ఇంకెవరి బండివో అన్నట్టు వినిపించాయి. ముత్తమ్మ బుజ్జిని ఒళ్లో వేసుకుని, చెట్లను ఒక్కొక్కదాన్నీ పలకరిస్తున్నట్టు చూస్తూ కూచుంది.

"బాబూ, నిద్రపోకు" అన్నాడు రాజన్న వెనక్కి తిరక్కుండానే. "ఎలుగ్గొడ్డు ఇప్పపూల కోసం వస్తది. నువ్వు నిద్రలుంటే దాన్ని పలకరించెటోడు ఉండడు."

ఆ మాటతో నా మత్తు దిగిపోయింది. రాత్రికి పామేడులో ఒకరి పశువుల కొట్టం పక్కన ఆగి, జావ తాగి పడుకున్నాం. మర్నాడు ఎండ వాలే వేళకు తర్రెం చేరాం.

ముత్తమ్మకు తల్లీ తండ్రీ లేరు. మేనత్త కన్నమ్మే పెంచింది. మేనకోడలిని తన కొడుక్కి చేసుకోవాలని ఆమె చాలా ఆశపడిందట. మధ్యలో నేను ఊడిపడ్డాను. ఆ కొడుక్కి తర్వాత వేరే సంబంధం కుదిరి ఇద్దరు పిల్లలు కూడా పుట్టారు కాబట్టి ఇప్పుడు ఆమెకు నా మీద కోపం లేదనే అనుకుంటూ వచ్చాను. "ఏంది అల్లుడా, తోవ తప్పినవా?" అని నవ్వి, కాళ్లకు నీళ్లిచ్చి, చింతపులుసూ ఎండుచేపలూ పెట్టింది. ఊరి పటేలు వచ్చి సంగతి విన్నాడు. తహసీల్దారు బాసగూడలో మకాం పెట్టాడని, పొద్దున్నే వెళ్తే దొరుకుతాడని చెప్పాడు. "పెళ్లిల నేనున్న. నీళ్లు పోసింది కన్నమ్మ. ఇద్దరం చెప్తం, అయిపాయె" అన్నాడు.

ఆ నీళ్ల సంగతి తెలియనివాళ్లకు చెబుతాను. వాళ్లలో తాళి కన్నా నీళ్లు ముఖ్యం. పెళ్లికూతురు తల వంచి నిలబడుతుంది. పెళ్లికొడుకు ఆమె తల మీదుగా తన తల వంచుతాడు. పెద్దామె కుండతో అతని తల మీద నీళ్లు పోస్తుంది. అవి అతని తల మీంచి జారి ఆమె తల మీద పడాలి. పడితే ఇద్దరూ ఒకటైనట్టు.

పొద్దున్నే పటేలుతో, అత్తతో కలిసి బయలుదేరి తాలిపేరు వాగు దాటాం. నీళ్లు మోకాలి లోతే, అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. బాసగూడ ఒడ్డున మామిడిచెట్ల కింద తహసీల్దారు గారి డేరా. పొలం తగాదాల వాళ్లు, పశువులు తప్పిపోయినవాళ్లు, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లు, అందరూ నీడను వెతుక్కుని కూచున్నారు. మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. ఆయన ఈ సరిహద్దు తాలూకాల్లో చాలాకాలంగా పనిచేస్తున్న పెద్దమనిషి, మన తెలుగు బాగానే అర్థమవుతుంది. నా మాట విని నవ్వాడు.

"పెళ్లిళ్లు రాసే షాదీ దఫ్తర్ ఇక్కడెక్కడిదయ్యా? జమీన్‌కు ఉంది, జంగల్‌కు ఉంది, తప్పిపోయిన గొడ్డుకు కూడా ఉంది. పెళ్లికి లేదు. అయితే ఒక పని చేస్తా. చేసినవాళ్లు, చూసినవాళ్లు నా ముందు బయాన్ ఇవ్వాలి, జరిగింది జరిగినట్టు చెప్పాలి. రాసి మొహర్ వేస్తా. స్టాంపుకు ఎనిమిదణాలు."

ప్రాణం లేచొచ్చింది. పటేలు తనకు తెలిసింది చెప్పాడు. తర్వాత కన్నమ్మత్త లేచింది.

"నీళ్లు పోసినవా?" అన్నాడు తహసీల్దారు.

"పోసిన" అంది. నేను ఎనిమిదణాలు తీశాను. "పోసిన గానీ, పిల్ల నెత్తి తడవలే."

అందరూ ఆమె వంక చూశారు.

"గీ అల్లుడు గంపంత తలపాగ కట్టుకొని వంగిండు. నీళ్లన్ని అదే తాగింది. కొసరు నీళ్లు ఈయన వీపు మీదికి పోయినయి. పిల్ల నెత్తి పొడిగనే ఉండె. నేను అప్పుడే చెప్పిన. డోళ్ల సప్పుడుల ఎవ్వరు ఇనలే. ఇన్నోళ్లేమో నా కొడుక్కు చెయ్యలేదని కడుపుమంటతోని అంటున్న అన్నరు. ఇప్పుడు అబద్ధం చెప్పి వేలిముద్ర ఎయ్యమంటే నాతోటి కాదు సారూ."

ఆ తలపాగా మా మేనమామది. అడిగి తెచ్చుకున్నాను. తలపాగా లేని పెళ్లికొడుకేమిటని నా పట్టుదల. దాన్ని తర్వాత రెండు రోజులు ఆరబెట్టాల్సొచ్చిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. డేరా ముందు నవ్వులు మొదలయ్యాయి. తహసీల్దారు కలం కింద పెట్టి, "అయితే షాదీ కానట్టేనా?" అన్నాడు.

"సగమైంది" అంది అత్త.

అందరూ నవ్వుతున్నారు గానీ నేను తీసిన ఎనిమిదణాలు మళ్లీ జేబులో వేసుకున్నాను. మేనేజరు అన్న మాట నిజమైపోయిందేమో అనిపించింది. అత్త నా మొహం చూసి కాస్త మెత్తబడింది. "ఏరున్నది, నీళ్లున్నయి. ఇప్పుడు పోస్త. గానీ పిల్లనడగాలె. వంగాల్సింది అది. మా దాంట్ల ఎవ్వరు మెడ పట్టి వంచరు."

ముత్తమ్మ మామిడిచెట్టు కింద బుజ్జికి జడ వేస్తోంది. మా మాటలన్నీ విన్నదే. జడ పూర్తిచేసి, లేచి, వాగువైపు నడిచింది. ఒడ్డున నిలబడి అవతలి అడవిని చాలాసేపు చూసింది. నాకు భయం వేసింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, జీవితంలో అంత భయం ఎప్పుడూ వేయలేదు.

"రాజమండ్రిల ఇప్పచెట్లు ఉంటయా?" అంది, నావైపు తిరక్కుండా.

"ఉండవు" అన్నాను.

"వాగు?"

"గోదావరి ఉంది. ఈ నీళ్లే అక్కడికీ వస్తాయి."

ఆమె చీర కుచ్చిళ్లు పైకి దోపి, నీళ్లలోకి దిగి తల వంచింది. నేను చొక్కా కూడా విప్పకుండా దిగి, ఆమె తల మీదుగా వంగాను. అత్త కుండ ముంచి పోసింది. చల్లటి నీళ్లు. కళ్లు మూసుకున్నాను. నా నుదుటి మీంచి, ముక్కు మీంచి నీళ్లు జారి ఆమె జుట్టులోకి ఇంకుతున్న చప్పుడు, ఆ వెనకే వాగు చప్పుడు, ఇప్పపూల వాసన. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. బుజ్జి "నాకూ, నాకూ" అని గెంతుతుంటే అత్త కుండలో మిగిలినవి దాని నెత్తిన పోసింది. తహసీల్దారు కుర్చీ ఒడ్డుకు వేయించుకుని అంతా చూశాడు. తను చూసిందే రాస్తానని కాగితం మీద ఆనాటి తేదీయే వేశాడు. అలా మా అమ్మాయి అమ్మానాన్నల పెళ్లి చూసింది. తర్వాత మేనేజరు ఆ తేదీ చూసి, బుజ్జిని చూసి, ఏదో అనబోయి, ముద్ర చూసి ఇంటి తాళాలిచ్చాడు.

తిరుగు ప్రయాణంలో బండిలో ముత్తమ్మ జుట్టు ఆరబెట్టుకుంటుంటే అడిగాను. "అప్పుడు తల తడవలేదని నీకు తెలుసా?"

"నా నెత్తి గద. నాకు తెల్వదా?"

"మరి నాలుగేళ్లుగా చెప్పలేదేం?"

"పోవాలనిపిస్తే చెప్పేదాన్ని" అంది, జుట్టు విదిలిస్తూ.

రాజమండ్రి ఇంట్లో ఇప్పుడు ఆ కాగితం ట్రంకుపెట్టెలో అడుగున ఉంది. దాని అవసరం మళ్లీ రాలేదు. నాకు మాత్రం కొన్ని సాయంత్రాలు గోదావరి గట్టున కూచుంటే, ముద్ర వేసిన ఆ పెళ్లి కన్నా, ఏ ముద్రా లేకుండా, వెళ్లిపోయే దారి తెరిచే ఉన్నా ఆమె నాతో గడిపిన ఆ నాలుగేళ్లే ఎక్కువ గుర్తొస్తాయి. అంత ప్రేమ నా పక్కనే ఉందని నాకు తెలియకుండానే నేను అన్నం తిని, డిపోకెళ్లి, నిద్రపోయాను.

ఇక వెళ్లబోయేవాళ్లకు ఒక్క మాట. కార్యాలయాల్లో వెతకొద్దు, అక్కడ ఏమీ ఉండదు. ఎండాకాలం ముదిరేలోగా తహసీల్దారు మకాం ఎక్కడో కనుక్కుని, మీ పెళ్లిలో నీళ్లు పోసిన మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి. తలపాగా మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్లండి.