లింగం అలికిన ఇల్లు

మా వాడకట్టులో ఆడవాళ్లకు ఒకరి మీద ఒకరికి కోపమొస్తే అనుకునే మాట ఒకటుండేది: "పోవే, లింగాన్ని సూసి నేర్సుకో." ఆ మాట పడ్డ మనిషి ఆ పూటంతా గిన్నెలను చప్పుడయ్యేలా తోమేది.

లింగం మా పక్కింటాయన. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు పోయే బాటలో ఇటుక బట్టీ ఉంది, అక్కడ పని. పొద్దున మామూలు మనిషిలా పోయి సాయంత్రానికి తనే ఒక ఇటుకలా తిరిగొచ్చేవాడు. బావి దగ్గర కుంకుడు నురగతో తల రుద్దుకొని, గోళ్ల సందుల్లోని ఎర్రమట్టి కూడా పోయిందని నమ్మకం కుదిరాకే గడప దాటేవాడు. అది ఎవరి ఇల్లో కాదు, తన ఇల్లే. లోపల ఎదురుచూసే మనిషి కూడా లేదు. భార్య నర్సమ్మ జ్వరంతో పోయింది. ఒక్కతే కూతురు బాలమణి. కర్మకాండ అయిపోగానే పిల్లను అమ్మమ్మ సోమమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేటకు తీసుకుపోయింది. పోతూ ఆమె అన్న మాట వాడంతా విన్నది.

"ఆడదిక్కు లేని కొంప పశుల కొట్టమైతది లింగం. కొట్టంల దూడనైతే ఇడుస్త గని పిల్లనెట్ల ఇడుస్త? ఇల్లు ఇల్లు లెక్క కానియ్యి. అప్పుడు సూద్దాం."

ఇంకొకరైతే మారుమనువు చేసుకునేవారు. ఆ మాట తెచ్చినవాళ్లూ ఉన్నారు. సవతి తల్లి వస్తే అత్త పిల్లను అసలే పంపదని లింగానికి తోచింది. అందుకని పెళ్లికూతురికి బదులు చీపురును ఇంటికి తెచ్చుకున్నాడు.

నేను బడి మానేసి ఇంట్లో ఉంటున్న రోజులవి. అరుగు మీద కూర్చొని బియ్యం ఏరుతుంటే ఆయన ఇల్లు పొయ్యి దాకా కనిపించేది.

మొదట్లో ఆయనకు ఏమీ రాదు. పేడతో అలకడమంటే లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ గడప దాకా రావాలి. లింగం గడప దగ్గర మొదలుపెట్టి లోపలికి పోయాడు. పొయ్యి మూలకు చేరేసరికి తనకూ వాకిలికీ మధ్య అంతా తడి. తొక్కితే చేసిన పని పాడవుతుంది. పోయి రోలు ఎక్కి కూర్చున్నాడు. మా అమ్మ నీళ్లకు పోతూ చూసింది, వస్తూ చూసింది.

"ఏందయ్యా లింగం, రోటి మీద తపస్సు జేస్తున్నవా?"

"లేదక్కా. ఆరాలె."

"ఎప్పటి సంది కూసున్నవ్?"

"బట్టీకి పోయే యాల్ల సంది."

ఎదురింట్లో గాజులమ్మే బేగంబీ భుజం మీది మలారం మూట దించి నడుము మీద చేయి పెట్టుకొని నవ్వింది. "అయ్యో, లింగం భాయ్ కైదైపోయిండు! పెండ పోలీసులు పట్టిన్రు!"

ఆయనకు కోపం రాదు. అదే ఆయనతో వచ్చిన చిక్కు. ఎంత ఎగతాళి చేసినా తల దించుకొని విని, చివరికి ఒక ప్రశ్న అడిగేవాడు: "అయితే ఏ దిక్కు నుంచి అలకాలె అక్కా?" నవ్విన నోటితోనే జవాబు చెప్పాల్సి వచ్చేది. అట్లా మా వాడ ఆడవాళ్లంతా ఎగతాళి చేస్తూ చేస్తూ ఆయనకు ఇంటి పని మొత్తం నేర్పేశారు. నేర్పాక తెలిసింది, ఆయన మమ్మల్ని మించిపోయాడని.

ఇత్తడిని చింతపండు, ఉప్పు వేసి రుద్ది, తర్వాత ఇటుక పొడితో తోముతారు. అందరం చేసేదే. లింగం బట్టీలో పగిలిన ఇటుకలను దంచి, పాత ధోవతిలో వేసి జల్లించి, పిండి కన్నా మెత్తని పొడి చేసేవాడు. అది మేమంతా దోసిళ్లతో తెచ్చుకునేవాళ్లం. మా బిందెలో ముఖం చూసుకొని బొట్టు పెట్టుకోవచ్చంటే అది ఆయన పొడి పుణ్యమే. లాంతరు చిమ్నీకి జల్లెడ పట్టిన బూడిద. మంచంలో నల్లులకు సలసల కాగే నీళ్లు, ఆపైన వేపాకు పొగ. ఆ పొగ పెట్టిన రోజు నల్లులు లింగం ఇల్లు వదిలి మా ఇంటికి కాపురానికి వచ్చాయని మా అమ్మ అందరికీ చెప్పుకుంది. గోడల సున్నంలో తుమ్మబంక నానబెట్టి కలిపితే ఒరిగినా వీపుకు అంటదని మాకు చెప్పింది ఆయనే.

"బేగంబీ, కలాయి పెట్టిన గిన్నెల లోపట మాత్రం ఈ పొడి పెట్టకు. కలాయి లేసిపోతది" అని ఒకరోజు ఆయన హెచ్చరిస్తే ఆమె ముక్కు మీద వేలేసుకుంది.

"సూసినవా పిల్లా! నా గిన్నెల సంగతి నాకే జెప్తున్నడు. రేపు నా గాజులు కూడ ఈయనే అమ్ముతడేమో!"

వాడంతా నవ్వుకున్నా, ఆ శుభ్రం ఎందుకో అందరికీ తెలుసు. పొద్దున వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గు కూడా వేసేవాడు. ఆ ముగ్గు వంకర చూస్తే మాత్రం కాస్త ధైర్యంగా ఉండేది, మాకూ ఒకటి మిగిలిందని.

ఇట్లా రెండేళ్లు గడిచాక ఒక అంగడి రోజు ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోచయ్య బండి తోలుకొని వచ్చి కబురు చెప్పాడు. వచ్చే అంగడికి సోమమ్మ పిల్లను తీసుకొని ఇల్లు చూడడానికి వస్తుందట. నచ్చితే పిల్లను ఉంచి పోతుందట.

ఆ వారం లింగం కడుపునిండా తిన్నట్టు నేను చూడలేదు. గోడలకు సున్నం వేశాడు. ఉన్న నాలుగు చెంబులనూ తోమి, మళ్లీ తోమాడు. పొయ్యిని ఎర్రమన్నుతో అలికి, దాని మీద వంట చేయడానికి మనసొప్పక మా ఇంట్లో రొట్టె అడుక్కున్నాడు.

సోమమ్మ వచ్చింది. పొట్టి మనిషి, చేతిలో వక్కాకు సంచి. పక్కన బాలమణి, ఆరేడేళ్ల పిల్ల, నూనె కారే తలతో. సోమమ్మ ఇల్లంతా తిరిగింది. బిందె అంచు కింద వేలు పెట్టి చూసింది. చెంబు ఎత్తి వాసన చూసింది. చాప కొస లేపింది. వేలికి ఏమీ అంటలేదు, ముక్కుకు ఏమీ తగల్లేదు. నేను బియ్యం ఏరడం మానేశాను.

లింగం కళ్లు మాత్రం అత్త మీద లేవు, పిల్ల కాళ్ల మీద ఉన్నాయి.

"బాలమణీ, కాళ్లు తుడుసుకున్నవా బిడ్డా?"

పిల్ల తుడుచుకుంది.

"గోడకు ఒరగకు బిడ్డా, సున్నం అంటుతది."

తుమ్మబంక సంగతి ఆయనకే గుర్తు లేదు. పిల్ల గోడ దగ్గర నుంచి జరిగింది. నీళ్లు తాగి చెంబు కింద పెట్టబోతే, "కింద పెట్టకు, నాకియ్యి" అన్నాడు. ఇచ్చేసింది. తర్వాత ఎక్కడ నిలబడాలో తెలియక ఇంటి నడిమధ్యలో చేతులు వెనక్కి కట్టుకొని, పాఠం రాని పిల్లలా నిలబడిపోయింది.

సోమమ్మ చాప మీద కూర్చొని ఆకు నమిలి, లేచి, పిల్ల చేయి పట్టుకుంది.

"ఇంకో ఏడు సూద్దాం లింగం."

"ఏం తక్కువైంది అత్తమ్మా?"

"తక్కువేం లేదు" అంది ఆమె, చెప్పులు వేసుకుంటూ. బండి వైపు నడిచింది. పిల్ల రెండుసార్లు వెనక్కి చూసింది.

లింగం నేల చూశాడు. సోమమ్మ తిరిగిన చోట దుమ్ము అడుగులు పడ్డాయి. మనసు బాగా లేనప్పుడు కొందరు చుట్ట కాలుస్తారు, కొందరు పడుకుంటారు. లింగం చేతులు పేడ గంప వైపు పోయాయి. పేడలో నీళ్లు పోసి, కలిపి, లోపలి గోడ నుంచి అలకడం మొదలుపెట్టాడు. ఇప్పుడు దిక్కు సరిగ్గానే ఉంది.

సగం ఇల్లు అలికాడో లేదో, వక్కాకు సంచి మరిచిపోయిన సోమమ్మ పిల్లను తీసుకొని తిరిగొచ్చింది. గడపలో ఆగిపోయింది. చూసింది. ఆమె పెట్టిన కేక అంగడి దాకా వినిపించి ఉంటుంది.

"ఏమిరో లింగం! నేనేమన్న సచ్చిపోయిన్నా? పీనుగు లేసినంక గదరా ఇల్లు అలికేది!"

మా అమ్మ పరుగెత్తింది. బేగంబీ పరుగెత్తింది. నేను కూడా గోడ దాకా పోయాను. ఇంట్లో నుంచి మనిషి బయల్దేరిపోతే, ఊరు దాటే దాకా చీపురు కూడా పట్టరు. పట్టుకున్న చీపురైనా పక్కన పెడతారు. మనిషి అటు పోగానే అలికేది ఒక్క సందర్భంలోనే. ఈ సంగతి మా వాడలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

"మరక పడ్డది అత్తమ్మా..." అన్నాడు లింగం, పేడ చేతులతో మోకాళ్ల మీదే ఉండి.

"మరకట! నా అడుగే మరకయ్యిందిరా నీకు?"

"నాకు తెల్వది. నర్సమ్మను తీస్కపోయిన నాడు నేను ముందట నడిసిన. ఎనుక ఇంట్ల ఏం జేసిన్రో నేను సూడలే."

నిజమే, మగవాళ్లు పాడె వెంట పోతారు. ఇల్లు అలికేది వెనక ఉన్న ఆడవాళ్లు. ఆ రోజు ఆ ఇల్లు అలికింది సోమమ్మే. కూతురు పోయిన ఇంటిని తన చేతులతో కడిగి అలికిన మనిషి ఆమె. గడప పట్టుకొని నిలబడింది గానీ ఇంకో కేక వేయలేదు.

మా అమ్మే సర్దింది. "పోయే పోవుడు చెడిపోయింది వదినా. లోపటికొచ్చి, కూసోని, ఇన్ని నీళ్లు తాగి మల్ల బయలెల్లాలె."

"యాడ కూసోవాలె? అంత పెండనాయె."

చివరికి మా అరుగు మీద కూర్చోబెట్టి, వక్కాకు సంచి తెచ్చిచ్చాం. ఈలోపు వీధి మొదట్లో నుంచి పోచయ్య అరిచాడు.

"సోమక్కా, వస్తవా, రావా? ఎడ్లు ఆగుతలెవ్వు!"

"పో, నువ్వు పో! నా పయనం మా అల్లుడు అలికి పారేసిండు!"

బేగంబీ కొంగు నోట్లో కుక్కుకుంది. బండి పోయింది.

పెద్దవాళ్లం ఈ గొడవలో ఉంటే బాలమణి అటు నడిచిపోయింది. తడి నేల మీద ఒక పాదం పెట్టింది. చల్లగా ఉన్నట్టుంది, రెండోది పెట్టింది. లింగం చూశాడు. ఆయన చేయి అలవాటు ప్రకారం పోయి ఆ గుర్తులను చదును చేసింది. పిల్ల భయంగా ఆయన ముఖంలోకి చూసింది. ఏమీ అనలేదని తెలిశాక ఇంకో అడుగు వేసింది. ఆయన చదును చేశాడు. పిల్ల ఇంకోటి వేసి, ఈసారి కిసుక్కున నవ్వి, దూరం జరిగింది. ఆయన మోకాళ్ల మీద పాకుతూ అటు పోయాడు. ఇటు అలికితే అటు తొక్కుతుంది, అటు అలికితే ఇటు. కాసేపటికి ఎవరు అలుకుతున్నారో ఎవరు తొక్కుతున్నారో తెలియకుండా పోయింది. ఒకసారి పిల్ల జారి, చేయి పేడలో ఆనించి, పడకుండా గోడ పట్టుకుంది. కొత్త సున్నం మీద ఐదు వేళ్లూ పడ్డాయి.

"గోడ..." అని లింగం నోరు తెరిచాడు. తెరిచిన నోరు అట్లాగే మూసుకొని, "జారిందా బిడ్డా?" అన్నాడు.

అరుగు మీద సోమమ్మ ఆకు నమలడం ఆపింది.

"సూసినవా తల్లీ," అంది మా అమ్మతో, "ఇందాక గీ పిల్ల ఆ ఇంట్ల ఊపిరి బిగవట్టి నిలబడ్డది. దేవుణ్ణి పెట్టే ఇల్లు లెక్క ఉన్నది గని పిల్లనెట్ల పెట్టాలె అని భయమయ్యింది నాకు. అంత మంచిగ తోమిపెట్టుకున్నోన్ని ముఖం మీద ఎట్లనాలె?"

"అననే లేదు గదా వదినా."

"ఇప్పుడంటున్న గద."

ఆ పూట సోమమ్మ మా ఇంట్లోనే తిన్నది. మరునాడు కూరగాయల బండి ఒకటి అటు పోతుంటే అందులో ఒక్కతే ఎక్కింది. పిల్ల బట్టల మూట లింగం చేతిలో పెట్టి, "తలకు నూనె రాయి. గింత చింతపండు, ఇటుక పొడితోని తోమేవు జాగ్రత్త, అది పిల్ల, బిందె గాదు" అని చెప్పి పోయింది.

ఆయన ఆ రోజు బట్టీకి పోలేదు. పొద్దెక్కాక పిల్లను ముందు నడిపించుకుంటూ మా అరుగు దగ్గరికి వచ్చాడు. చేతిలో దువ్వెన, రిబ్బను. ఎప్పటిలాగే తల దించుకొని, మా అమ్మను అడిగాడు.

"అక్కా, జడకు ఏ దిక్కు నుంచి మొదలుపెట్టాలె?"

అమ్మకు చేతులు ఖాళీ లేవు. నేను పిల్లను నా ముందు కూర్చోబెట్టుకొని మూడు పాయలు తీసి ఒక వైపు అల్లి చూపించాను. ఆయన రెండో వైపు తనే అల్లాడు. బలంగా అల్లాడు. బావిలోకి బొక్కెన దించినా తెగకుండా ఉండే జడ అది. బేగంబీ చూసి ఏదో అనబోయింది గానీ బాలమణి ఆమె మాట వినే స్థితిలో లేదు. ఒక వైపు నా జడ, ఒక వైపు తాడు వేలాడుతుంటే తల ఎగరేసుకుంటూ, ఇల్లిల్లూ తిరిగి, "మా నాయినేసిండు" అని తాడునే చూపిస్తోంది.