ఎండలోని వరుసకు అడ్డు నిలిచిన సలోమి టీచరుగారు

శ్రీమతి సలోమి టీచరుగారు నరసరావుపేట ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించారన్న వార్తను మాచర్ల బస్సు కండక్టరు నోట విని నిశ్చేష్టుడనయ్యాను. మా వంశంలో పట్టభద్రుడనైన మొదటివాణ్ణి నేను. ఆమె వద్దనే చదువుకొని, పిదప ఆమె సరసనే ఉపాధ్యాయుడనైనాను. అయినా ఈ నాలుగు మాటలు నాచేత రాయిస్తున్నది దుఃఖం కాదు, ఆగ్రహం.

మా ఉన్నత పాఠశాలలో ఒక ఆచారమున్నది. ప్రార్థన సమయంలో పరీక్ష మార్కులు బిగ్గరగా చదువుతారు. తప్పినవారు మొదటి గంట ముగిసేదాకా ఎండలో నిలబడాలి. పల్నాటి ఎండలో! అలా నిలబడిన తొమ్మిదో తరగతి బాలిక మస్తానమ్మ ఆనాటినుండి మాట మానేసింది. గాలి సోకిందని ఇంట్లోవారు తాయెత్తు కట్టారు. నటనని స్టాఫు రూములో తేల్చారు. సలోమిగారు మాత్రం ఏమీ అడగలేదు. రోజూ సైన్సు గదికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని, గాజు గొట్టాలు తుడవమనేవారు. ఒకనాడు ఒకటి చేజారింది.

“టీచరుగారూ, పగిలిపోయిందండీ!”

“పోతే పోయిందిలేవే తల్లీ, నీ నోట మాటొచ్చింది గదా!”

ఆమెకు అంతటితో తృప్తి కలగలేదు. “ఒక్కదాన్ని ఎంతమందిని కనిపెట్టుకుంటాను?” అంటూ, మండలాలు ఏర్పడిన ఏడాది, శనివారం సాయంత్రాలు ఉపాధ్యాయులకే తరగతి ప్రారంభించారు. ఎందుకు చదవలేదని పిల్లవాణ్ణి అడిగే ముందు ఎలా ఉన్నావని అడగడం, అల్లరివాడికంటె హఠాత్తుగా ముభావంగా మారినవాణ్ణి ముందు గమనించడం, విన్నది నలుగురిలో చాటకపోవడం ఆమె నేర్పిన పాఠాలు. మాలో ఒకరు విద్యార్థిగా, మరొకరు మాస్టారుగా కూర్చొని అభ్యాసం చేయవలసిందే.

లెక్కల మాస్టారు ఎగతాళి చేశారు. “ఏందమ్మా, మేం లెక్కలు చెప్పాలా, పిల్లకాయల మనసులు తవ్వాలా?”

“తవ్వొద్దు మాస్టారూ. తొక్కకుండా ఉంటే చానా మేలు.”

“కాసేపు ఎండన నిలబెడితే చస్తారా ఏంది?”

“రండి, మనమూ నిలబడి చూద్దాం.”

నిలబెట్టారు. పిల్లలు వరండాలోంచి చూస్తూండగా మమ్మల్నందరినీ నిలబెట్టారు! మా పెద్దలకు అది ఘోరావమానమైంది. అదే పిల్లలకు చేస్తే క్రమశిక్షణట! వెంటనే పైకి ఫిర్యాదు వెళ్లింది. ఆమెను దూరప్రాంతానికి బదిలీ చేశారు. తరగతి ఆగిపోయింది. ఆచారం కొనసాగింది.

మొన్న ప్రార్థన సమయంలో జరిపిన సంతాపసభలో ఆ లెక్కల మాస్టారే, ఇప్పటి ప్రధానోపాధ్యాయులు, ఆమెను “మాతృమూర్తి” అంటూ గద్గదస్వరంతో కొనియాడారు. అందరం మౌనం పాటించాము. మరుక్షణమే ఆయన మార్కుల కాగితం తీశారు! తప్పిన పిల్లలు తలలు వంచుకొని ఎండలోకి నడిచారు. ఇప్పుడు పెద్దదై సభకు వచ్చిన మస్తానమ్మ లేచి వెళ్లి ఆ వరుస చివర నిలబడింది.

“నువ్వెందుకమ్మా అక్కడ?”

“నేనూ తప్పినదాన్నే గదండీ. చదవండి, నా పేరు గూడా చదవండి.”

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

అయ్యా, ఒక్కనాడు కాగితం మడవడం ఆ మహనీయురాలికి నివాళి కాజాలదు. వచ్చే శనివారం సైన్సు గదిలో ఆమె తరగతి మళ్లీ మొదలవుతుంది. మొదట మస్తానమ్మ మాట్లాడుతుంది. సలోమిగారి కుర్చీలో కూర్చోదగినవారు మాలో ఎవరూ లేరు కనుక అది ఖాళీగానే ఉంటుంది. మేము దాని ఎదుట, పిల్లలు కూర్చునేచోట, నేలమీదనే కూర్చుంటాము.